వినపడుతోంది గానీ ఎక్కడం లేదు

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఈ ఏడాది బీటెక్ ఈసీఈలో చేరాను. క్లాసులో చెప్పేది పావు వంతు కూడా అర్థం కావడం లేదు. రాసుకుంటే వినలేను, వింటే రాసుకోలేను. అదే టాపిక్ రాత్రి యూట్యూబ్‌లో చూస్తే బాగానే అర్థమవుతోంది. నేను విజువల్ లెర్నర్‌నని ఫ్రెండ్ అంటున్నాడు. క్లాసులు మానేసి గదిలో సొంతంగా చదువుకోవడం నయమా? లేక ఇంజినీరింగే నాకు సరిపడదా?
- ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ మ్యాథ్స్ సార్ ‘డిటర్మినెంట్’ అన్నప్పుడు, అది మీరు చదివిన ‘నిర్ధారకమే’నని తట్టడానికి ఎంతసేపు పడుతోంది? రెండు సెకన్లే అనుకోండి. ఈలోపు సార్ తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోతారు. దాన్ని పట్టుకుందామని తలెత్తేసరికి బోర్డు మీద ఇంకో రెండు లైన్లు పడి ఉంటాయి. పది నిమిషాలు ఇలా గడిస్తే ఎవరికైనా బుర్ర మొద్దుబారుతుంది. అక్కడి నుంచి సార్ మాటలు వినపడుతుంటాయి, అంతే.

ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. విషయం మీకు తెలిసిందే, పేరు మారింది. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో వ్యతికరణం, వివర్తనం, ధ్రువణం చదివారు కదా. ఇప్పుడు అవే ఇంటర్‌ఫిరెన్స్, డిఫ్రాక్షన్, పోలరైజేషన్ అని వినపడుతున్నాయి. మీ బ్రాంచికి ప్రాణమైన సెమీకండక్టర్లు ఆనాటి అర్ధవాహకాలే. ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చిన పక్క బెంచీ అబ్బాయి మీకన్నా తెలివైనవాడేమీ కాదు. ఆ మాట అతనికి పాత చుట్టం, మీకు కొత్త మనిషి.

విజువల్ లెర్నర్ సంగతి పక్కన పెట్టేయండి. కొందరు చూసి, కొందరు విని నేర్చుకుంటారని, ఆ ప్రకారమే బోధించాలని చాలాకాలం ప్రచారం జరిగింది. దాన్ని నిలబెట్టే తగిన రుజువు లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ మరో ముగ్గురు మనస్తత్వవేత్తలతో కలిసి చేసిన సమీక్షలో తేల్చారు. యూట్యూబ్ మీకు పనిచేసేది బొమ్మల వల్ల కాదు, పాజ్ బటన్ వల్ల. వెనక్కి జరిపి మళ్లీ వినే వీలు అక్కడ ఉంది, క్లాసులో లేదు. ఇంకో సంగతి కూడా చూసుకోండి. వీడియో అయ్యాక ఫోన్ పక్కన పడేసి, తెల్లకాగితం మీద ఆ లెక్కను మొదటి నుంచి చేసి చూడండి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది మూడో లైను దగ్గరే ఆగిపోయారు. అర్థమైనట్టు అనిపించడం వేరు, రావడం వేరు.

అందుకే క్లాసులో చెప్పబోయేదాన్ని ముందే ఒకసారి కంటితో చూసి వెళ్లండి. అన్ని సబ్జెక్టులకూ వద్దు, ఈ నెల మ్యాథ్స్, ఫిజిక్స్ చాలు. రేపు ఏ టాపిక్ అన్నది లెక్చరర్‌నే అడగండి. ప్రతి సబ్జెక్టుకూ వాళ్ల దగ్గర లెసన్ ప్లాన్ ఉంటుంది, అడిగితే ఫొటో తీసుకోనిస్తారు. ముందు రోజు రాత్రి పావుగంట ఆ నాలుగు పేజీలు తిరగేసి, కొత్త ఇంగ్లిష్ మాటలు ఒక వైపు, వాటికి మీరు చదివిన తెలుగు మాటలు ఇంకో వైపు రాసుకోండి. పైకి పలకండి కూడా, చెవికి అలవాటు కావాలి. మర్నాడు సార్ నోట ఆ మాట వస్తే ఆ రెండు సెకన్లూ మీకు మిగులుతాయి. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వారి ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజినీరింగ్ పుస్తకాలు తెలుగులో కూడా ఉన్నాయి. విషయం పట్టుకోవడానికి అవి చదవండి, పరీక్షకు మాత్రం ఇంగ్లిష్ పుస్తకమే.

నోట్స్ విషయంలో మీది అత్యాశ. ప్రతి మాటా రాయాలని చూడకండి. బోర్డు మీద రాసింది, సార్ రెండుసార్లు చెప్పింది రాస్తే చాలు. అందనిచోట రెండు లైన్లు ఖాళీ వదిలి ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి. ఆ ఖాళీలను అదే రోజు సాయంత్రం పక్కవాడి నోట్స్ చూసి నింపుకోండి. ఆదివారానికి వాయిదా వేస్తే ఏం అడగాలనుకున్నారో మీకే గుర్తుండదు. ఫోన్‌లో రికార్డు చేసుకుందామా అంటారేమో, లెక్చరర్ ఒప్పుకుంటే చేసుకోండి. గంట రికార్డింగ్ వినడానికి మళ్లీ గంట కావాలి మరి.

కొన్ని క్లాసులు నిజంగానే వినబుద్ధి కావు. పీపీటీ చదివేసి వెళ్లిపోయేవాళ్లు నా కాలంలో లేకపోయినా, పుస్తకం చదివేసి వెళ్లిపోయేవాళ్లు ఉండేవారు. అయినా మానేయకండి. మీది జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలోని కాలేజీ అయితే మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కు పైన ఉంటే అనారోగ్యం లాంటి కారణం చూపి, ఫీజు కట్టి మినహాయింపు అడగవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలే రాయనివ్వరు.

చివరగా ఒకటి అడుగుతాను. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడినా, ఫ్యాన్ శబ్దంలోనో నలుగురి మధ్యో ‘ఏంటీ?’ అని తరచూ అడుగుతుంటారా? అలాగైతే ఇది భాషతో వచ్చిన చిక్కు కాకపోవచ్చు. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. వినికిడి సమస్యల కోసం పనిచేసే జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్‌కు సికింద్రాబాద్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రంలో కూడా వినికిడి పరీక్షలు చేస్తారు.

ఇంజినీరింగ్ సరిపడుతుందా లేదా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పను. రెండో మిడ్ అయ్యాక మార్కులు, ఆ రెండు వరుసల నోట్‌బుక్కు పట్టుకుని మళ్లీ రాయండి.