14 ఏళ్ల సర్వీసున్నా ఫుల్‌టైమ్ టీచర్ ఉద్యోగం ఎందుకు దొరకట్లేదు?

మేడమ్, మీరు రాసిన వివరాలు ఇవీ: వయసు 41, బీఎస్సీ ఎంపీసీ, బీఈడీ, కరీంనగర్ ప్రైవేటు స్కూళ్లలో 14 ఏళ్లుగా ఫిజికల్ సైన్స్. ఇప్పుడు రెండు స్కూళ్లలో పార్ట్‌టైమ్. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) లేదు. ఎక్కడ అడిగినా "పార్ట్‌టైమ్ అయితే చెప్పండి" అంటున్నారు.

దీనికి మీ వయసో అనుభవమో కారణం అనుకోకండి. ముందు టైమ్‌టేబుల్ లెక్క చూడండి. స్టేట్ సిలబస్‌లో ఫిజికల్ సైన్స్ విడిగా మొదలయ్యేది ఎనిమిదో తరగతి నుంచి. ఒక్కో సెక్షనే ఉన్న స్కూల్లో 8, 9, 10 మూడూ కలిపినా, క్లాసుకు వారానికి నాలుగైదు పీరియడ్ల చొప్పున వచ్చేది 12 నుంచి 15. ఫుల్‌టైమ్ జీతం ఇచ్చే యాజమాన్యం రోజుకు ఆరు పీరియడ్లు, అంటే వారానికి 36 చూస్తుంది. సగం కూడా నిండని టీచర్‌ని పార్ట్‌టైమ్‌లోనే పెట్టుకుంటారు. అలాంటి స్కూళ్లు ఇంకో పది తిరిగినా జవాబు మారదు.

కాబట్టి రెండు పనులు చేయండి. రెజ్యూమెలో "ఫిజికల్ సైన్స్ టీచర్" అని ఒక్క ముక్క రాసి వదలకండి. 8-10 ఫిజికల్ సైన్స్, 6-7 జనరల్ సైన్స్, 6-8 మ్యాథ్స్ అని రాయండి. మీ డిగ్రీలో మ్యాథ్స్ ఉంది, కాబట్టి అది చెప్పడానికి అడ్డేమీ లేదు. ఇంటర్వ్యూలో కూడా "మీ దగ్గర ఎన్ని సెక్షన్లున్నాయి సార్?" అని అడిగి, ఆ పీరియడ్లు 30 దాటేలా వాళ్ల ముందే కాగితం మీద వేసి చూపించండి. రెండోది, హైస్కూల్లో క్లాసుకు రెండు మూడు సెక్షన్లున్న స్కూళ్లకే వెళ్లండి. నాకైతే మూడు చిన్న స్కూళ్ల కన్నా ఊరికి కొంచెం దూరమైనా పెద్ద స్కూలు ఒక్కటే మేలు.

సమయం కూడా ముఖ్యమే. సీబీఎస్ఈ స్కూళ్లకు కొత్త సంవత్సరం ఏప్రిల్‌లో మొదలు, కాబట్టి జనవరి నుంచి మార్చి లోపే అడగాలి. స్టేట్ సిలబస్ స్కూళ్లు జూన్ 12న తెరుస్తారు, ఇంటర్వ్యూలు మార్చి నుంచి మే వరకు. జూన్‌లో వెళితే మిగిలేవి పార్ట్‌టైమ్ పీరియడ్లే. ఇంకో అవకాశాన్ని చాలామంది గమనించరు. డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకాలు జరిగినప్పుడు, ఎంపికైనవాళ్లు వెళ్లిపోవడంతో ప్రైవేటు స్కూళ్లలో ఏడాది మధ్యలో కుర్చీలు ఖాళీ అవుతాయి. 2024 అక్టోబరులో అదే జరిగింది. టెన్త్ పరీక్షలు ఐదు నెలల్లో ఉండగా ప్రిన్సిపాల్ బేరాలాడడు, అనుభవమున్నవాళ్లే కావాలంటాడు.

ఇప్పుడు కాగితాలు. 14 ఏళ్లు అని నోటితో చెబితే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్రతి పాత స్కూలు నుంచీ లెటర్‌హెడ్ మీద సర్వీస్ సర్టిఫికెట్ తీసుకోండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన క్లాసులు, సబ్జెక్టు, ఫుల్‌టైమా కాదా, స్కూలు గుర్తింపు నంబరు, ప్రతి స్కూలుకూ ఉండే 11 అంకెల యూడైస్ కోడ్, సంతకం, సీలు అన్నీ అందులో ఉండాలి. "2014-2019 పనిచేశారు, ప్రవర్తన బాగుంది" అని రాసిచ్చేది దేనికీ పనికిరాదు. మూతపడిన స్కూలైతే పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ సాక్ష్యం. ఒకసారి మీ 26ఏఎస్ (మీ పాన్ మీద కోసిన పన్ను చూపించే ఇన్‌కమ్‌ట్యాక్స్ పత్రం) కూడా తెరిచి చూడండి. పీఎఫ్ తప్పించుకోవడానికి కొన్ని యాజమాన్యాలు జీతాన్ని ప్రొఫెషనల్ ఫీజుగా చూపించి 10 శాతం టీడీఎస్ కోస్తాయి. అలా ఉంటే మీరు కాగితం మీద ఆ స్కూలు ఉద్యోగే కాదు. ఒకే స్కూల్లో ఐదేళ్లు ఆగకుండా చేసి ఉంటే గ్రాట్యుటీ (మానేసినప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము) కూడా వస్తుంది, ప్రైవేటు టీచర్లకు అది వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కానీ వరస మర్చిపోకండి: ముందు సర్టిఫికెట్ చేతికి రావాలి, ఆ తర్వాతే గ్రాట్యుటీ మాట.

ఇంటర్వ్యూలో చెప్పించే డెమో క్లాసులో సీనియర్లు దెబ్బతినేది ఎక్కడంటే, ఇచ్చిన 20 నిమిషాల్లో పాఠం మొత్తం అప్పజెప్పి, నోట్సు కూడా చెప్పేస్తారు. చూసేవాళ్లకు సబ్జెక్టు వస్తుందని తెలుసు, పిల్లలతో ఎలా మాట్లాడతారన్నదే చూస్తారు. 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం ఒకటి బ్యాగులో పెట్టుకోండి. కిటికీకి ఎదురుగా గోడ దగ్గర తెల్ల కాగితం పట్టుకుని కటకాన్ని ముందుకూ వెనక్కీ జరిపితే, దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర కిటికీ చువ్వలు, బయటి చెట్టు తలకిందులుగా పడతాయి. "ఎందుకు తిరగబడింది?" అని అడిగి ఆగండి. ఇద్దరు ముగ్గురు తప్పు చెప్పనివ్వండి. కిరణ చిత్రం ఆ తర్వాతే బోర్డు మీదికి. ఎండ లేని గదైతే కొవ్వొత్తి మంట చాలు.

టెట్ మాత్రం ఇక వాయిదా వేయకండి. పేపర్-2లో 150 మార్కులకు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే అర్హత, దానికి జీవితకాల చెల్లుబాటు. మ్యాథ్స్-సైన్స్ 60 మార్కుల్లో బయాలజీ కూడా ఉంటుంది, ఎంపీసీ వాళ్లకు మార్కులు పోయేది అక్కడా, పిల్లల సైకాలజీలోనూ. అయితే గట్టెక్కితే చాలనుకోకండి. డీఎస్సీలో రాతపరీక్షకు 80, టెట్‌కు 20 వెయిటేజీ. టెట్‌లో 90 వస్తే 12, 120 వస్తే 16. ఆ నాలుగు మార్కులంటే, ప్రశ్నకు అర మార్కు చొప్పున డీఎస్సీలో ఎనిమిది ప్రశ్నలు. మీ 14 ఏళ్ల సర్వీసుకు అక్కడ వెయిటేజీ సున్నా, అన్యాయమే అయినా నిజం. తెలంగాణ 2024 డీఎస్సీలో వయోపరిమితి 46, మొత్తం 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూల్ సబ్జెక్టు టీచర్లు) 2,629, అవీ సబ్జెక్టులు, జిల్లాలు, రిజర్వేషన్ రోస్టర్ కింద చీలిపోయాయి. 2017 టీఆర్‌టీ (అప్పటి టీచర్ల నియామక పరీక్ష) తర్వాత మళ్లీ భర్తీ జరిగింది 2024లోనే, కాబట్టి దాని మీదే కూర్చోవద్దు. కేజీబీవీల్లో (బాలికల కోసం నడిచే ప్రభుత్వ కస్తూర్బా స్కూళ్లలో) టీచర్లుగా మహిళలనే తీసుకుంటారు. ఆ కాంట్రాక్టు నోటిఫికేషన్ల కోసం డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు మీద ఓ కన్నేసి ఉంచండి.

ఫుల్‌టైమ్ ఆఫర్ వచ్చాక సంతకానికి ముందు నాలుగు సంగతులు రాతలో అడగండి: జీతం 12 నెలలకా 10 నెలలకా, పీఎఫ్ ఉందా, ఎండాకాలం అడ్మిషన్ల ప్రచారానికి ఇంటింటికీ తిప్పుతారా, దానికి టార్గెట్ ఉందా. జీతం 10 నెలలకే అయితే నెలకు 24,000 అని చెప్పినా మీ చేతికి సగటున పడేది 20,000. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం స్కూలు బీరువాలో పెట్టుకోనివ్వకండి. అవి అప్పటికే ఏదైనా స్కూలు దగ్గర ఉండిపోతే, వాళ్లకు ముట్టినట్టు మార్చి లోపే రసీదు రాయించుకోండి.