ఇంటికి వచ్చాకే అసలు తోడు కావాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య తాగుడు మానడానికి నెల రోజులు చికిత్స కేంద్రంలో ఉండి వచ్చారు. మొదటి వారం ఉత్సాహంగా తిరిగారు. ఇప్పుడు గది వదలడం లేదు, రాత్రుళ్లు నిద్రపోవడం లేదు, మొన్న "నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు" అన్నారు. ఆ మాట గురించి కదిపితే లేని ఆలోచన రేపినట్టు అవుతుందేమోనని మీ భయం.

కదపండి. ఈ రోజే కదపండి. మిగతా జవాబు తర్వాత చదివినా పరవాలేదు.

ఆయన పక్కన కూర్చుని, ఇంట్లో మిగతావాళ్లు లేని సమయం చూసి, సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తోందా?" ఈ ప్రశ్న అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన పుట్టదనీ, పెరగదనీ దీనిపై జరిగిన అధ్యయనాలు మళ్లీ మళ్లీ చెప్పాయి. అడిగినప్పుడు మనిషికి కొంత ఊరటే కలుగుతుంది. ఇది నాకు కాగితాల మీద తెలిసిన విషయం కాదు. నేను మద్యం మానేసి తొమ్మిదేళ్లు దాటింది. మొదటిసారి చికిత్స నుంచి ఇంటికి వచ్చిన మూడో వారంలో నేనూ మీ అన్నయ్య అన్న మాటే అన్నాను, ఇంచుమించు అవే పదాలతో.

అప్పుడు మా బాబాయి అడిగారు, "పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోవడం లేదు కదా?" అని. లేదన్నాను. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. "కదా" అనగానే ఆయనకు ఏం వినాలని ఉందో నాకు తెలిసిపోయింది, అదే చెప్పాను. ఆయన ప్రేమతోనే అడిగారు, ఇప్పటికీ నాకు ఆయనంటే గౌరవమే. రెండు రోజుల తర్వాత మా అక్క వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, నేల మీద నా ఎదురుగా కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" అని అడిగింది. అవునన్నాను. ఎన్నాళ్లుగానో బిగపట్టిన ఊపిరి వదిలినట్టు అయింది. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "ఎప్పటి నుంచి?" అంది.

అవునని మీ అన్నయ్య అంటే మీరూ అలాగే అడగండి. ఎప్పటి నుంచి అనిపిస్తోంది, ఎలా అన్నది కూడా ఆలోచించారా, ఎప్పుడన్నది అనుకున్నారా అని. మనసులో ఒక పథకం ఉందని తేలితే ఆయనను ఒంటరిగా వదలకండి. అదే రోజు మానసిక వైద్యుల దగ్గరికో, ఆసుపత్రి అత్యవసర విభాగానికో తీసుకెళ్లండి. ఆయన ఏ దారి గురించి ఆలోచించారో ఆ దారి చేతికి అందకుండా చేయండి. ఇంట్లో మందులుంటే వేరొకరి దగ్గర పెట్టి, ఏ రోజువి ఆ రోజే ఇవ్వండి. "నిజంగా చేయాలనుకున్న మనిషిని ఎవరు ఆపగలరు" అని చుట్టాల్లో ఎవరో ఒకరు అంటారు. అది తప్పు. అమెరికాలో రిచర్డ్ సీడెన్ అనే పరిశోధకుడు, ప్రాణం తీసుకోబోతుండగా చివరి క్షణంలో ఇతరులు ఆపిన 515 మంది ఏమయ్యారో ఏళ్ల తర్వాత వెతికి చూసి, 1978లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 94 శాతం మంది ఇంకా బతికే ఉన్నారు, లేదా సహజంగా మరణించారు. ఆ తీవ్రత అలలా వచ్చి పోతుంది. అది వెళ్లేదాకా మనిషిని పట్టుకుని ఉండాలి.

"మీరంతా హాయిగా ఉంటారు" అన్న మాటకు "అలా అనకూడదు, తప్పు" అని నోరు మూయించకండి. ఆయనకు అది బెదిరింపూ కాదు, నాటకమూ కాదు. లోపల కూర్చుని లెక్కవేసి తేల్చుకున్న ఫలితం. నా అప్పులు, నేను చెడగొట్టిన శుభకార్యాలు, పిల్లలు నన్ను చూసి తప్పుకునే తీరు, అన్నీ ఒక వైపు వేసి చూసుకుంటే నాకూ అదే లెక్క వచ్చింది. అక్క ఒక్క మాట అంది: "మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు. నాకు మాత్రం హాయి ఉండదు. నా వరకు నీ లెక్క తప్పు." వాదించలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ లెక్కలో ఒక అంకె మార్చింది, అంతే.

ఇప్పుడు, ఇంటికి వచ్చాక ఇలా ఎందుకు అవుతుందన్న విషయం. చికిత్స ముగిసింది కాబట్టి గండం గడిచిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. నిజానికి మానసిక చికిత్స పొంది ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి వారాలు, తొలి మూడు నెలలు ఆత్మహత్య ప్రమాదం బాగా ఎక్కువగా ఉండే కాలం. తాగుడు మానినవారి విషయంలో దానికి ఇంకో బరువు తోడవుతుంది. ఇన్నేళ్లూ మత్తు కప్పి ఉంచినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకు వస్తాయి. నిద్ర నెలల తరబడి సరిగా పట్టదు. మద్యం వల్లనే కలిగిన దిగులు అయితే మానేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఆ తర్వాత కూడా అలాగే ఉన్నా, ఇంకా ముదురుతున్నా అది విడిగా చికిత్స కావలసిన డిప్రెషన్ కావచ్చు. మీ అన్నయ్య విషయంలో మాత్రం ఆ గడువు కోసం ఎదురుచూడకండి. చావు మాట వచ్చింది కాబట్టి ఇప్పుడే మానసిక వైద్యులకు చూపించాలి.

ఈ చోటే నాకు జరిగిన అన్యాయం చెప్పాలి. తాగుడుకు ముందు నుంచే నాకు డిప్రెషన్ ఉంది. దాని కోసం వెళ్లిన చోట "ముందు తాగుడు మానుకుని రండి" అన్నారు. తాగుడు మాన్పించిన చోట దిగులు గురించి ఒక్కరూ అడగలేదు. రెండు తలుపుల మధ్య వరండాలో నిలబడినట్టు రెండేళ్లు గడిపాను. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం చాలా మామూలు విషయం. ఒకదాన్ని వదిలి రెండోదానికి మాత్రమే మందు ఇస్తే, వదిలేసినది వచ్చి నయమైనదాన్ని కూడా తినేస్తుంది. మీరు వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు రెండు విషయాలూ, చావు మాట సహా, ఆయన ఎదుటే చెప్పండి. వెనక నుంచి చెబితే ఆయనకు మీ మీద నమ్మకం పోతుంది.

ఇంకొకటి. చికిత్స ముగిశాక నాకు ఇచ్చిన చీటీలో నెల తర్వాత మళ్లీ రమ్మని రాసి ఉంది. నేను వెళ్లలేదు. రాలేదేమని ఎవరూ ఫోను చేయలేదు. వాళ్ల రిజిస్టరులో నా పేరు ఎదురుగా ఒక గడి ఖాళీగా ఉండిపోయి ఉంటుంది. ఆ నెలలోనే నేను చావుకు అతి దగ్గరగా వెళ్లాను. ప్రభుత్వాలు ఈ రంగానికి డబ్బు ఇచ్చేటప్పుడు మంచాల సంఖ్య లెక్కవేస్తాయి. గడువుకు రాని మనిషికి ఫోను చేసే ఉద్యోగికి కూడా జీతం ఇవ్వాలని నేను ఎక్కడ అవకాశం దొరికినా అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

ఇది పెద్ద ఖర్చు కూడా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు చేసిన పని వినండి. తీవ్రమైన దిగులుతోనో, ఆత్మహత్య ఆలోచనలతోనో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వెళ్లాక తదుపరి చికిత్స వద్దన్న 843 మందిని ఆయన రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఐదేళ్లలో 24 చిన్న ఉత్తరాలు వెళ్లాయి. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆ తర్వాత మూడు నెలలకొకటి. వాటిలో ఉపదేశం లేదు, ప్రశ్నలు లేవు. మీరు కులాసాగా ఉన్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంత మాత్రమే. ఉత్తరాలు అందుకున్నవారిలో తొలి రెండేళ్లలో ఆత్మహత్యలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. 2001లో ప్రచురించిన ఈ ఫలితాలను నేను బాగా కోలుకున్నాక చదివాను. చదువుతుంటే కళ్లు తడిశాయి, ఎందుకంటే మా అక్క చేసినది అక్షరాలా అదే. ప్రతి ఆదివారం ఉదయం ఒక సందేశం పంపేది. "లేచావా? నేను బజారుకు వెళుతున్నా." "ఇక్కడ వాన." నేను జవాబిచ్చానా లేదా అని ఎన్నడూ అడగలేదు. మొదటి నాలుగు నెలల్లో నేను ఇచ్చిన జవాబులు బహుశా మూడు. అయినా ఆదివారం వస్తుందంటే ఫోను చేతికి దగ్గరగా పెట్టుకునేవాణ్ని.

మీరు కూడా ఇలాంటిది ఒకటి మొదలుపెట్టండి. మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, బావగారో, పాత స్నేహితుడో, ఇద్దరు ముగ్గురు వంతులు పంచుకోండి. "ఈ రోజు తాగలేదు కదా" అని అడగడానికి కాదు. పలకరించడానికి. ఈ తేడా తాగి మానిన మనిషికి మొదటి అక్షరంలోనే తెలిసిపోతుంది.

కలిసి ఒక కాగితం రాయండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు రూపొందించిన భద్రతా ప్రణాళిక అది. చెడ్డ గంట వచ్చే ముందు కనిపించే గుర్తులు, ఒంటరిగా ఉన్నా చేయగలిగిన పనులు, వెళ్లి కూర్చోదగిన మనుషులు, చోట్లు, సాయం అడగదగిన పేర్లు, వైద్యుల, హెల్ప్‌లైన్ నంబర్లు, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎవరి దగ్గర ఉంచాలి అన్నది. ఆయన మాటల్లోనే, ఆయన చేతి రాతలోనే ఉండాలి. ఆసుపత్రి అత్యవసర విభాగాల్లో ఈ ప్రణాళిక రాయించి, తర్వాత ఫోను చేస్తూ ఉన్నవారిలో ఆరు నెలల కాలంలో ఆత్మహత్యకు సంబంధించిన చర్యలు సుమారు 45 శాతం తక్కువగా కనిపించాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. నా కాగితంలో మొదటి గుర్తు "ఫోను బోర్లా పెట్టడం". రెండోది "గడ్డం గీసుకోకపోవడం". ఇవి రాసే వరకు నాకే తెలియవు, అక్క చెప్పింది. ఆ కాగితం ఇప్పటికీ పర్సులో ఉంది. మడతల దగ్గర చిరిగితే రెండుసార్లు తిరగరాశాను.

మళ్లీ తాగితే? ఆ అవకాశం ఉంది, ఇప్పుడే తెలుసుకుని ఉండండి. చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్లీ ఆ అలవాటు వైపు జారుతారని అమెరికా మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతుంది. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టడమూ దాదాపు ఇంతే. నేను ఐదో నెలలో తాగాను. ఒక గ్లాసు. ఆ గ్లాసు కంటే, "ఇక అయిపోయింది, నేనింతే" అన్న ఆలోచనే నన్ను మిగతా సీసా తాగించింది. అందుకే ఒట్లు వేయించుకోకండి. ఒట్టు తప్పిన మనిషి మీకు మొహం చూపించలేక దాక్కుంటాడు, దాక్కున్న చోటే ప్రమాదం. "తాగితే ముందు నాకు చెప్పు, నేను వస్తాను" అనండి. వరుసగా కొన్ని వారాలు తాగిన తర్వాత మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. విపరీతంగా తాగే శరీరంలో మద్యం ఆగితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. అది వైద్యుల పర్యవేక్షణలో జరగవలసిన పని.

ఆయనకు తనలాంటివాళ్లు కావాలి. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకుని ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్. అది 1935లో ఎలా మొదలైందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. బిల్ విల్సన్ అనే ఆయన మానేసి నెలలే అయింది, పరాయి ఊరి హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బారు. తాగకుండా ఉండాలంటే ఇంకో తాగే మనిషితో మాట్లాడాలని తోచి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్ స్మిత్. ఎదుటి మనిషిని ఉద్ధరించడానికి కాదు, తను నిలబడటానికి మాట్లాడాడు. నాకు మొదటి మూడు సమావేశాలు నచ్చలేదు. నాలుగోసారి ఒక పెద్దాయన తన కథ చెబుతుంటే అది నా కథలా వినిపించింది. అందరికీ ఇదే దారి సరిపోతుందని అనను. సరిపడకపోతే వేరే గ్రూపు, వేరే కౌన్సిలర్, వెతకాలి.

మీ సంగతి మీరు ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాత్రుళ్లు ఆయన గది తలుపు దగ్గర చెవి పెట్టి వింటున్నారని నా ఊహ. మా అక్క అలాగే చేసిందని ఏళ్ల తర్వాత చెప్పింది. తాగేవారి కుటుంబాల కోసమే 1951 నుంచి అల్-అనాన్ సమావేశాలు ఉన్నాయి. ఆయన వైద్యానికి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీరు వెళ్లవచ్చు. మీరున్న చోట పనిచేసే హెల్ప్‌లైన్ నంబరు ఈ రాత్రే ఫోనులో పెట్టుకోండి. అది ఆయన కోసమే కాదు, మీరూ చేయవచ్చు.

ముందు వెళ్లి అడగండి. ఏమన్నారో రాయగలిగితే ఇక్కడే కింద రాయండి. రేపు ఉదయం చూస్తాను, రాయకపోతే ఆదివారం నేనే పలకరిస్తాను.