మూడు వేల వికెట్లు, ఒకే ఒక్క టెస్టు!

ప్రశ్న: ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 3,278 వికెట్లు తీసిన బౌలర్‌కు ఇంగ్లాండ్ ఒక్క టెస్టే ఇచ్చిందట, నిజమా? ఎవరాయన? తడి పిచ్‌ల మీద అన్ని వికెట్లు తీయడం గొప్పేనా?

జవాబు: నిజమేనండీ. ఆయన చార్లీ పార్కర్, ఇంగ్లాండ్‌లోని గ్లోస్టర్‌షైర్ కౌంటీ జట్టు ఎడమచేతి స్పిన్నర్. ఆయనకంటే ఎక్కువ వికెట్లు తీసినవాళ్లు ఇద్దరే, విల్‌ఫ్రెడ్ రోడ్స్, టిచ్ ఫ్రీమన్. ఆడిన ఆ ఒక్క టెస్టు 1921లో మాంచెస్టర్‌లో, ఆస్ట్రేలియా మీద. 32 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. అంతే, మళ్లీ ఆడించలేదు.

1926 లీడ్స్ టెస్టు కథ వింటే మీకే ఒళ్లు మండుతుంది. పార్కర్‌ని పిలిపించి, తీరా ఆట మొదలయ్యే ఉదయం పక్కన పెట్టారు. కెప్టెన్ ఆర్థర్ కార్ టాస్ గెలిచి, పిచ్ తడిగా ఉందని ఆస్ట్రేలియాకే బ్యాటింగ్ ఇచ్చాడు! తడి పిచ్ అనుకున్నప్పుడు తడి పిచ్ బౌలర్‌ని బయట కూర్చోబెట్టడమేంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. ఆస్ట్రేలియా బ్యాటర్ మాకార్ట్‌నీ లంచ్‌లోపే సెంచరీ బాదేశాడు, మొదట్లో అతనిచ్చిన క్యాచ్‌ని వదిలేసింది కూడా కార్ గారే.

పార్కర్ ఊరుకునే మనిషి కాదు, నోరు పెద్దది. 1929లో బ్రిస్టల్‌లో ఓ హోటల్ లిఫ్టులో పెల్హమ్ వార్నర్ కనబడితే కాలర్ పట్టుకుని, నా టెస్టులన్నీ పోయింది నీవల్లేనని నిలదీశాడని తోటి ఆటగాళ్లు చెప్పుకునేవారు. వార్నర్ అంటే సెలక్టర్ల పెద్ద, 1926లో కమిటీ ఛైర్మన్.

తడి పిచ్ సంగతంటారా, అప్పట్లో పిచ్‌లు కప్పేవారు కాదు, వాన పడితే స్పిన్నర్లకు పండగే. కానీ ఆ పిచ్ అందరికీ ఒకటేగా? 1922లో యార్క్‌షైర్‌తో తన బెనిఫిట్ మ్యాచ్‌లోనే వరసగా ఐదు బంతులు వికెట్లకు కొట్టాడు, అందులో ఒకటి నోబాల్. టికెట్ల డబ్బు ఆయనకే వచ్చే మ్యాచ్ అది, ఆట ఎంత త్వరగా అయిపోతే జేబుకి అంత చిల్లు, అయినా ఆగలేదు!

1930లో ఓవల్ టెస్టు అయిన వెంటనే, బ్రాడ్‌మన్ ఉన్న ఆస్ట్రేలియా జట్టు గ్లోస్టర్‌షైర్‌తో ఆడటానికి బ్రిస్టల్ వచ్చింది. ఆస్ట్రేలియా గెలవడానికి 118 కావాలి, 117కే ఆలౌటై మ్యాచ్ టై. పార్కర్‌కి 7 వికెట్లు. అప్పటికి ఆయన వయసు 47.