శివరాత్రి దాటాక చెరువులో చిన్న పడవ: లోతు ఒక్కటే చూసుకుంటే చాలదు

ప్రశ్న: గాలి నింపే రెండు సీట్ల పడవ కొన్నాం. ములుగు, నర్సంపేట వైపు ఏదైనా ప్రశాంతమైన చెరువులో మార్చి మొదట్లో ఒక పొద్దున తిరగాలని ఉంది. నీళ్లు తగ్గి ఉంటాయి కాబట్టి భయం తక్కువే కదా? ఏమేం చూసుకోవాలి?

జవాబు:

నీళ్లు తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గదు, దాని రకం మారుతుంది. చెరువు మత్తడి దుంకే రోజుల్లో భయం ప్రవాహంతో. యాసంగి వరికి తూములు వదిలి నీళ్లు సగానికి దిగాక భయం బురదతో, మొద్దులతో, వలలతో, పొద్దెక్కాక లేచే గాలితో.

ముందు అనుమతి. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, అటవీ శాఖను అడగకుండా అక్కడ సొంత పడవ దించొద్దు. లక్నవరంలో పర్యాటక శాఖ పడవలు తిరుగుతాయి, అక్కడికి పోతే వాటిలోనే ఎక్కండి. ఊరి చెరువైతే నీటిపారుదల శాఖ వాళ్లకు, చేపల హక్కున్న మత్స్య సహకార సంఘం పెద్దలకు ముందు రోజే చెప్పాలి. ఇది మర్యాద కోసమే కాదు. "అన్నా, వలలు ఏ పక్క కట్టిన్రు? తూము ఇడిసిన్రా? మొద్దులు ఏడున్నయి?" అని అడిగితే ఏ ఫోన్ మ్యాపులోనూ దొరకని సంగతులు పది నిమిషాల్లో తెలుస్తాయి. పూడిక తీసిన గుంతల గురించి ప్రత్యేకంగా అడగండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే చెరువుల మరమ్మతు పథకంలో చాలా చెరువుల్లో మట్టి తవ్వారు. తవ్విన చోట అంచు నిటారుగా ఉంటే మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతుకు పడిపోతారు.

దిగే చోటు మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులు గుట్టల మధ్య సందుకు కట్ట వేసి నిలిపినవి. కాబట్టి కట్ట దగ్గర లోతు, ఎగువన శిఖం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేల) వైపు పలచని నీళ్లు. కట్ట మీదికి బండి పోతుందని అందరూ అక్కడే దించాలనుకుంటారు కానీ తూము ఉండేది కట్టకే. అది తెరిచి ఉంటే పైన నీళ్లు కదలనట్టే కనిపిస్తాయి, లోపల లాగుతుంటాయి. తూముకు కనీసం 50 మీటర్ల దూరంలో ఉండండి. శిఖం వైపు దించితే నీళ్లు అందేలోపే బురదలో దిగబడతారు. నా లెక్కలో సరైన చోటు గుట్ట వచ్చి కట్టను కలిసే మూల. అక్కడ తరచుగా మొరం నేల ఉంటుంది, కాలు నిలుస్తుంది.

ఒడ్డున సర్కారు తుమ్మ ముళ్లు ఎండి మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. ఈ పడవలకు వాటికి మించిన శత్రువు లేదు. మందపాటి టార్పాలిన్ పరిచి దాని మీదే గాలి నింపండి. నీళ్ల దాకా ఇద్దరూ ఎత్తుకునే పోవాలి, ఈడ్చొద్దు. చెప్పులకు గుచ్చుకున్న ముల్లు పడవలోకి వస్తుంది, ఎక్కే ముందు అడుగు భాగం కడిగి చూసుకోండి.

గాలి నింపడంలో ఎక్కువ మంది పొరపడేది వేడి దగ్గర. గాలి నిలిచే పెద్ద అరలను పడవ మీద రాసిన పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) వరకే నింపాలి, గట్టిగా ఉంటే మంచిదని మించి నింపకూడదు. మామూలు పీవీసీ పడవల్లో అది 1 పీఎస్‌ఐ చుట్టుపక్కలే ఉంటుంది. పొద్దున 20 డిగ్రీల దగ్గర నింపిన గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే, అర సాగకపోతే పీడనం దాదాపు ఇంకో పీఎస్‌ఐ పెరుగుతుంది. నీళ్ల మీద ఉన్నంతసేపు చల్లగానే ఉంటుంది. టిఫిన్ కోసం ఒడ్డుకు లాగి ఎండలో వదిలినప్పుడే అతుకులు విడిపోతాయి. ఒడ్డుకు రాగానే ప్రతి అర నుంచి కొంచెం గాలి వదిలి నీడకు చేర్చండి. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది: వెచ్చటి ఒడ్డున నింపిన పడవ నీళ్లలో దించగానే మెత్తబడుతుంది. దాన్ని లీకు అనుకోకండి, పది నిమిషాలాగి మళ్లీ నింపండి. అప్పటికీ మెత్తబడుతుంటే వాల్వు చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. చాలాసార్లు వాల్వు మూత కింద ఇసుక రేణువే కారణం. నిజంగా చిల్లు పడితే ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. పీవీసీ అతుకు గమ్ము సరిగ్గా పట్టాలంటే 12 గంటలైనా కావాలి, తడి మీద అసలు పట్టదు. అందుకే విడివిడిగా మూడు అరలైనా లేని పడవతో ఒడ్డు వదలొద్దు.

బరువు: ఇద్దరు మనుషులు, సామాను కలిపి 150 కిలోలైతే 200 కిలోలకు తగ్గకుండా మోయగల పడవ ఉండాలి.

లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకునే వస్తువు కాదు, ఒంటి మీద ఉండాల్సింది. బకిళ్లన్నీ పెట్టాక వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. చెవుల దాకా లేచిందంటే అది వదులు, నీళ్లలో తల మీది నుంచి జారిపోతుంది. జాకెట్‌కు ఈల కట్టుకోండి.

గాలి విషయంలో సూత్రం ఒక్కటే: ముందు గాలికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు అది తోడ్పడాలి. మార్చి మొదట్లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నరకు. ఏడులోపు దిగి తొమ్మిదిన్నరకు ఒడ్డున ఉండండి. ఏడింటికి చెరువు అద్దంలా ఉంటే గాలి ఎటు నుంచి వస్తుందో తెలియదు, అప్పుడు ఒడ్డుకు 50 మీటర్లు దాటొద్దు. ఈ పడవలకు నీళ్లలో మునిగే భాగం తక్కువ, పైన ఎక్కువ. చిన్న గాలికే అడ్డంగా కొట్టుకుపోతాయి, కొత్తవాళ్లు తెడ్డు వేస్తే గంటకు మూడు కిలోమీటర్లు మించదు. ఎదురుగాలిలో అది కూడా రాదు. ఆకాశం పడమట నల్లబడి దుమ్ము లేస్తే ఇంటి ఒడ్డు కోసం చూడకండి, దగ్గరున్న ఒడ్డుకే చేరండి.

లంగరుకు ఇనుము అవసరం లేదు. గట్టి సంచిలో ఐదు కిలోల ఇసుక నింపి మూతి బిగించండి. 8 మిల్లీమీటర్ల తాడు 15 మీటర్లు కట్టండి. తాడు లోతుకు మూడు నుంచి ఐదింతలు వదిలితేనే పట్టు నిలుస్తుంది. ఎప్పుడూ పడవ ముందు భాగానికే కట్టాలి. పక్కకు కడితే అలకు వంగి నీళ్లు లోపలికి వస్తాయి.

నీళ్లు తగ్గే ఈ నెలల్లోనే చేపల వేట ఎక్కువ, కాబట్టి వలలూ ఎక్కువ. వరసగా తేలే థర్మాకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు కనిపిస్తే వాటి మధ్య నుంచి దూరకండి, చివర చుట్టి పోండి. తెడ్డు చిక్కుకుంటే లాగడం ఆపాలి, లాగినకొద్దీ ముడి పడుతుంది. పడవను వెనక్కి జరిపి వలను వదులు చేసి, చిక్కుకున్న దిక్కుకే వెనక్కి తీయాలి. చాకు దగ్గర పెట్టుకోండి కానీ ప్రాణం మీదికి వస్తేనే కోయాలి. ఆ వల ఒకరి కూడు.

బురదలో పడవ ఆగితే దిగొద్దు. తొడ దాకా కూరుకుపోయిన కాలును తీయబోతే రెండోది దిగుతుంది. ఇద్దరూ లోతు వైపున్న కొసకు జరిగి, తెడ్డును కొనతో పొడవకుండా వెడల్పుగా ఆనించి నెమ్మదిగా నెట్టాలి. కాలు అప్పటికే దిగబడితే పడవ అంచు మీద ఒంటి బరువంతా వేసి, మడమను అటూ ఇటూ కదిపి సందులోకి నీళ్లు పోనివ్వాలి. తర్వాత మెల్లగా పైకి లాగాలి, బూటు పోతే పోనివ్వండి.

పడవ బోల్తా పడితే దాన్ని వదిలి ఈదకండి. నడుము లోతు గట్టి నేల మీద ఒక్కసారైనా సాధన చేసి పోవాలి: ఒకరు అవతలి అంచును కిందికి నొక్కి పట్టుకుంటే, రెండోవాళ్లు కాళ్లు ఆడిస్తూ పొట్ట మీద పైకి జారి, వెల్లకిలా తిరిగి, అప్పుడు కూర్చోవాలి.

ఇంటికొచ్చాక మంచి నీళ్లతో కడిగి, అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే మడవండి. తడితో మడిచిన పడవ వచ్చే కార్తీకానికి బూజు పట్టి, మడతల దగ్గర చీలి ఉంటుంది.