బాబును ఆదివారం వాళ్ల నాన్న దగ్గరికి పంపడం మానేయనా?

గుంటూరు బ్రాడీపేటలో పుట్టింట్లో ఉంటున్న ఒక తల్లి అడిగారు. భర్తతో విడిపోయి ఏడాది దాటింది, విడాకుల కేసు నడుస్తోంది. ఆయన విజయవాడలో ఉంటాడు, ఆదివారాలు వచ్చి ఎనిమిదేళ్ల బాబును తీసుకెళ్లి సాయంత్రం దింపుతాడు. ఒక్కోసారి వస్తానని చెప్పి రాడు. వెళ్లొచ్చిన రాత్రి బాబు అన్నం తినడు, చిరాకు పడతాడు, కడుపునొప్పి అంటాడు. ‘డబ్బులు ఇవ్వనివాడికి పిల్లాడెందుకు, పంపకు’ అని అమ్మమ్మ పట్టుబడుతున్నారట.

పంపడం మానేయకండి. మీ అమ్మగారి కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ బాకీ మీ ఆయనది, బాబుది కాదు. మనోవర్తి కోసం కోర్టులో విడిగా అడగండి, గట్టిగా అడగండి. డబ్బు ఇస్తేనే పిల్లాడు అన్నారంటే మాత్రం, తనకు నాన్న దొరకడం డబ్బు మీద ఆధారపడి ఉందని వాడికి ఎప్పుడో ఒకప్పుడు అర్థమవుతుంది. అది చాలా కష్టపెట్టే విషయం.

ఆ కడుపునొప్పి గురించి చెప్తాను. అక్కడ ఏదో జరిగిందనే ముందు అనిపిస్తుంది, అది సహజం. కానీ ఈ వయసు పిల్లలు చాలామంది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే సాయంత్రమే ఇలా ఉంటారు. నాయనమ్మ గారెలు చేసి పెట్టిందని చెప్పాలంటే ముందు మీ మొహం, తర్వాత అమ్మమ్మ మొహం చూస్తాడు. అక్కడ సంతోషంగా ఉండటం మీకు చేసిన ద్రోహంలా తోస్తుంది వాడికి. అందుకే రాగానే ‘ఎక్కడికెళ్లారు, ఇంట్లో ఎవరున్నారు, నా గురించి ఏమన్నారు’ అని అడగొద్దు. స్నానం చేయించి, పెరుగన్నం పెట్టి, ఓ గంట వదిలేయండి. వాడంతట వాడు చెప్తే ‘బాగుందా, మంచిది’ అనండి, నిజంగా అనండి. మిగతా రోజుల్లో కూడా నొప్పి అంటుంటే డాక్టరుకు చూపించండి. నాన్న తాగి బండి నడుపుతున్నాడనో, కొడుతున్నాడనో తెలిస్తే అది వేరే సంగతి, అప్పుడు ఆగకుండా మీ లాయరుతో చెప్పి, కోర్టు ఆవరణలో మరొకరి సమక్షంలోనే కలిసేలా అడగాలి.

నన్నడిగితే అసలు దెబ్బ ఆయన రాని ఆదివారాలే. పొద్దున్నే కొత్త చొక్కా వేసి బాబును గుమ్మంలో కూర్చోబెట్టొద్దు. విజయవాడలో బయల్దేరానని ఆయన ఫోన్ చేశాకే వాడికి చెప్పండి, తయారవడానికి ఆ దారి సమయం చాలు. రాకపోతే ఆయన తరఫున అబద్ధం చెప్పొద్దు, తిట్టొద్దు కూడా. ‘నాన్న ఈరోజు రావట్లేదట, నీకు బాధగా ఉంటుంది కదా’ అని పక్కన కూర్చోండి, చాలు. రోజూ ట్యూషన్ అయ్యాక ఓ పది నిమిషాలు వీడియో కాల్ పెట్టించి మీరు ఆ గదిలోంచి వెళ్లిపోండి. పిల్లలకు తల్లిదండ్రులిద్దరి ప్రేమ పొందే హక్కు ఉందని, బిడ్డకు దూరంగా ఉన్న తల్లినో తండ్రినో రోజూ కాసేపు ఫోన్‌లో మాట్లాడనివ్వాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు అనే తల్లి కేసులో చెప్పింది.

చట్టం సంగతికొస్తే, ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అంటుంది. మీ బాబు ఆ వయసు దాటాడు కాబట్టి ఇప్పుడు జడ్జి ముఖ్యంగా చూసేది వాడి బాగోగులే. వాణ్ణి తండ్రికి దూరం చేసే తల్లిగా మీ పేరు పడితే కేసులో మీకే నష్టం. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ నంబరు 15100.

అప్పగింతలు మీ ఇంటి గుమ్మంలో వద్దు, అక్కడే మాటామాటా పెరుగుతుంది. బాబు మేనమామో, ఇద్దరికీ కావలసిన పెద్దమనిషో గుంటూరు బస్టాండు దగ్గర అప్పగిస్తే మేలు. ఈ వారమే ఆయనకు ఒక మెసేజ్ పెట్టండి: ‘రెండో, నాలుగో ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకు బాబు మీతో ఉంటాడు. కుదరకపోతే శనివారం రాత్రిలోపే చెప్పండి.’ అందులో డబ్బు మాట, మీ అమ్మగారి మాట, పాత గొడవలు ఏవీ రాయొద్దు. ఆయన ఒప్పుకోకపోయినా, ఒప్పుకుని తప్పినా, అదే మెసేజ్ మీ లాయరుకు చూపించి, రోజులూ గంటలూ కోర్టు చేతే, కేసు తేలేదాకా నడిచే మధ్యంతర ఉత్తర్వుగా రాయించండి.