సైన్స్ పాఠాలు మళ్లీ తిప్పించడం ఎలా? కొత్త టీచరమ్మకు పెదనాన్న ఉత్తరం

ఒంగోలు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. పరీక్షల్లోపు ఆరు, ఏడు తరగతుల సైన్స్ పాఠాలన్నీ మళ్లీ ఎలా తిప్పించాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశావు. ముందు ఆ గైడు పక్కన పెట్టు. అందులోని ప్రశ్నలకు పిల్లలు ఎటూ జవాబులు అప్పజెబుతారు. అప్పజెప్పినంత మాత్రాన విషయం తెలిసినట్టు కాదు. పునశ్చరణ అంటే పాఠం రెండోసారి చెప్పడం కాదమ్మా, పిల్లల బుర్రలో ఏ తప్పు ఎక్కడ పాతుకుపోయిందో వెతకడం.

అందుకు పుస్తకంలో లేని, ఊళ్లో ఉన్న సంగతి ఒకటి తీసుకుని అడుగు. నోటితో చెప్పించే ముందు నోట్సులో రాయించు. లేకపోతే క్లాసులో బాగా చదివే పిల్ల ఏం చెబితే మిగతావాళ్లూ అదే అంటారు.

మీ అల్లూరు పక్కన ఎటు చూసినా రొయ్యల గుంటలే కదా. తెల్లవారుజామున కూడా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకుండా ఎందుకు తిప్పుతారని అడుగు. గుంటల మీద పనిచేసేవాళ్ల పిల్లలు ఉంటారు, ఆక్సిజన్ పడిపోతుందని టక్కున చెబుతారు. ఎందుకు పడిపోతుందన్న రెండో ప్రశ్న దగ్గరే అసలు పని. మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్ పీలుస్తాయి, రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ పీలుస్తాయి అని సగం మంది రాస్తారు చూడు. పెద్దవాళ్లలోనూ ఈ అపోహ ఉంది. నిజానికి మొక్క రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది. పగటి ఎండలో ఆహారం తయారు చేసుకుంటూ, తాను వాడుకునే దానికంటే ఎక్కువ ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి ఆ శ్వాస మన లెక్కకు రాదు. గుంట నీళ్లకు పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవులదీ ఇదే తీరు. పొద్దుగుంకాక తయారీ ఆగుతుంది, పీల్చడం ఆగదు. రొయ్యలు, అడుగున కుళ్లే మేతను తినే బాక్టీరియా కూడా ఆ ఆక్సిజన్ మీదే పడతాయి. రాత్రంతా ఖర్చే, జమ లేదు. అందుకే తెల్లారే ముందు బాగా తగ్గిపోతుంది. వరసగా మబ్బు పట్టిందంటే రైతుకు నిద్ర ఉండదు. ఈ ఒక్క ప్రశ్నతో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, నీటిలో వాయువులు కరగడం అన్నీ తిరిగిపోతాయి. పీరియడంతా దీనికే పోయినా పోనీ.

ఆవిరి కావాలంటే నీళ్లు మరగాల్సిందే అనుకునే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఇస్కపల్లి ఉప్పుమళ్లలో పొయ్యి ఎవరు పెట్టారని అడుగు, చాలు. నవ్వుతూనే ఆలోచనలో పడతారు. ఆ వెంటనే ఇంకోటి: కనిగిరిలో మండే ఎండలో ఆరిపోయే చెమట, సముద్రం పక్కన అంతకంటే తక్కువ ఎండలోనూ ఎందుకు ఆరదు? గాలిలో తేమ సంగతి, చెమట ఆరితే ఒళ్లు చల్లబడే సంగతి రెండూ వాళ్లే చెప్పాలి. నువ్వు తొందరపడి చెప్పేయకు.

ఎండాకాలం ఎందుకొస్తుందంటే, భూమి సూర్యుడికి దగ్గరగా జరుగుతుంది కాబట్టి అంటారు. కొట్టెయ్యకు, బోర్డు మీద రాసి ఉంచు. దాని పక్కన ఈ లెక్క వెయ్యి: భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. బాగా దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్లు. మరి దగ్గరగా ఉన్నప్పుడు మనం భోగిమంట ఎందుకేసుకుంటున్నాం? వాళ్లలో వాళ్లు వాదించుకున్నాకే, భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండడమే కారణమన్న సంగతి ఎత్తు. మీ నెల్లూరు దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర, ఆగస్టు రెండో వారంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఏప్రిల్‌లో సెలవులు, ఆగస్టుది దాటిపోయింది. ఇప్పటి నుంచి వారానికోసారి మధ్యాహ్నం కర్ర నీడ కొలిపించు. డిసెంబరు 21, 22 దాకా ఉత్తరం వైపు పెరుగుతూ పోతుంది.

రుతుపవనాల దగ్గర ఒక్క జాగ్రత్త. పుస్తకంలో జూన్ వానల గురించే ఎక్కువ ఉంటుంది. మీ జిల్లాకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుందని పిల్లలు ఇంట్లో అడిగి రాసుకురావాలి. రాళ్ల పాఠానికి మార్కాపురం పలక ముక్క, చీమకుర్తి గ్రానైట్ ముక్క నేను పంపిస్తాను. బురద ఒత్తిడికీ వేడికీ గట్టిపడితే పలకరాయి, శిలాద్రవం భూమి లోపల మెల్లగా చల్లారితే మెరిసే స్ఫటికాల రాయి. చేత్తో పట్టుకుని చూశాక బొమ్మ అక్కర్లేదు. అయస్కాంతానికి పెన్న ఇసుక చాలు, నల్ల రేణువులు ఎలా అంటుకుంటాయో చూపించు.

చార్టుల కోసం రాత్రిళ్లు మేలుకోకు. వంటసోడా, వెనిగర్ పోసి అగ్నిపర్వతం పొంగించడమూ నాకు నచ్చదు. చప్పట్లు బాగానే పడతాయి గానీ దానికీ లావాకీ పొంతనే లేదు. అలాగని బట్టీ మొత్తం మానేయమనడం లేదు. ప్రమాణాలు, అవయవాల పేర్లు నోటికి రావాల్సిందే, ఇంటికి పంపేముందు ఆఖరి పది నిమిషాలు దానికి పెట్టు.

గుంటల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే హెడ్‌మాస్టరు గారికి చెప్పి, గుంట వాళ్లనూ అడిగి వెళ్లు. గట్టు జారుతుంది, ఏరియేటర్ల కరెంటు వైర్లు నీళ్ల పక్కనే ఉంటాయి, దూరంగా నిలబెట్టి చూపించు. దసరాకు వస్తావుగా, పిల్లలు రాసిన నోట్సులు ఓ నాలుగు పట్టుకురా. తప్పులు ఎక్కువ ఉన్నవే తే.

ఇట్లు,
మీ పెదనాన్న