పాత ఆక్టావియా కారు ఇచ్చి పోలో తీసుకోవచ్చా?

సగం విప్పిన ఆక్టావియా ఆర్‌ఎస్ ఇచ్చి, పైన కొంత కలిపి, ఎంవీపీ కాలనీ ఆయన పోలో జీటీ టీఎస్‌ఐ తీసుకోవాలా అని అడిగారు కదా. తీసుకోండి బ్రదర్. కానీ పెయింట్ మెరుపు చూసి పడిపోకండి. మన వైజాగ్ ఉప్పుగాలికి తుప్పు ఎక్కువగా కింద దాక్కుంటుంది. లిఫ్ట్ ఎక్కించి సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్‌ను మోసే కింది చట్రం), బ్రేక్ పైపులు వేలితో తడిమి చూడండి. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే నాకైతే అనుమానమే. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కండి. నీలం పొగ వస్తే టర్బో సీళ్లో, వాల్వ్ సీళ్లో ఆయిల్ వదులుతున్నట్టు. ఆ పోలో 1.2 ఇంజిన్‌ది అయితే దాని డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) డ్రై క్లచ్‌ది, హనుమంతవాక ట్రాఫిక్‌లో పాకిస్తే కుదుపు బయటపడుతుంది. ఓనర్ పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 రెండు బండ్లకీ అదే రోజు సంతకాలు పెట్టించుకోండి.